మందు మొదలయ్యే రోజు రాకముందే

అందరికీ నమస్కారం.

ఇక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది చేతిలో ఒక ఫైలు ఉంది. అందులో లుకేమియా అని రాసి ఉంది, మందు మాత్రం ఒక్కటీ రాసి లేదు. మూడు నెలలకో ఆరు నెలలకో రక్తపరీక్ష చేయించుకుని రమ్మని పంపించారు. ఇంటికెళ్తే అయినవాళ్లు అడుగుతారు, క్యాన్సర్ అంటున్నారు కదా, మరి వైద్యం ఏది అని. ఏం చెప్పాలో మీకూ తోచదు. రక్తవ్యాధుల డాక్టరుగా ఈ ఇబ్బంది నేను దాదాపు ప్రతి ఓపీలో చూస్తుంటాను. అందుకే ఈ మాటలు చెప్పడానికి వచ్చాను.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. మందుల గురించి తెలుసుకోవాల్సిన సమయం మందు అవసరం లేని ఈ రోజులే. అవసరం పడ్డాక చూద్దాంలే అనుకుంటే, అప్పటికి ఒంట్లో ఓపిక ఉండదు. హిమోగ్లోబిన్ పడిపోయి ఉంటుంది. ఇంట్లో అందరూ టెన్షన్‌లో ఉంటారు. డాక్టరు దగ్గర దొరికేది పావుగంట. ఏళ్ల తరబడి మీతో ఉండబోయే వైద్యాన్ని ఆ పావుగంటలో ఎంచుకోవాల్సి వస్తుంది. అలా భయంలో ఎంచుకున్న మందుతో తర్వాత సర్దుకోలేక బాధపడేవాళ్లను చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. ఎందుకంటే వాళ్లలో చాలామందికి అంతకుముందు బోలెడంత సమయం ఉంది.

ముందు ఒక విషయం స్పష్టం చేసుకుందాం. క్రానిక్ లుకేమియా అనగానే అన్నీ ఒకటే అనుకోకండి. ప్రధానంగా రెండు రకాలు వింటుంటారు, సీఎంఎల్ (క్రానిక్ మైలాయిడ్ లుకేమియా), సీఎల్ఎల్ (క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా) అని. సీఎంఎల్‌లో వేచి చూడటం అనేది ఉండదు. నిర్ధారణ కాగానే మాత్ర మొదలుపెడతారు. 1960లో సీఎంఎల్ కణాల్లో ఉండే ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అనే జన్యు లోపాన్ని కనుక్కోవడం, 2001లో ఇమాటినిబ్ అనే మాత్రకు అనుమతి రావడం ఆ జబ్బు కథనే మార్చేశాయి. మాత్ర క్రమం తప్పకుండా వేసుకునేవాళ్లలో చాలామంది ఇప్పుడు దాదాపు పూర్తి ఆయుష్షు బతుకుతున్నారు. కాబట్టి మీ ఫైలులో ఉన్నది సీఎంఎల్ అయితే వేచి ఉండమన్న మాట మీకు వర్తించదు, ఈ రోజే మీ డాక్టరును కలవండి. నేను ఇక మాట్లాడేదంతా సీఎల్ఎల్ గురించే, అంటే బీ లింఫోసైట్లు అనే తెల్లకణాలు నెమ్మదిగా పేరుకుపోయే జబ్బు గురించి.

మందు ఎందుకు ఇవ్వలేదన్న అనుమానం తీరకపోతే మిగతాదేదీ తలకెక్కదు. వయసు మీద పడిందని మిమ్మల్ని వదిలేశారేమో, డాక్టరు పట్టించుకోలేదేమో అని చాలామంది లోలోపల అనుకుంటారు. అలా కాదు. ముందే మందిస్తే మేలా అన్నది జనం మీద పరీక్షించి చూశారు. తొలిదశలో ఉన్నవాళ్లకు క్లోరాంబ్యుసిల్ మాత్రలు వెంటనే ఇచ్చి, ఇవ్వనివాళ్లతో పోల్చిన ఫ్రెంచ్ పరిశోధన 1998లో వెలువడింది. ముందు ఇచ్చినందువల్ల ఎవరూ ఎక్కువ కాలం బతకలేదు. అది పాత మందు కదా అంటారేమో. ఈ మధ్యకాలపు ఇబ్రుటినిబ్ అనే మాత్రతోనూ జర్మనీ బృందం సీఎల్ఎల్12 పేరుతో అదే పని చేసింది. జబ్బు ముదరడం ఆలస్యమైంది కానీ ఆయుష్షు పెరగలేదు, సైడ్ ఎఫెక్టులు మాత్రం వచ్చాయి. పైగా సీఎల్ఎల్ ఉన్నవాళ్లలో సుమారు మూడో వంతు మందికి జీవితాంతం ఏ మందూ అవసరం పడదు. వాళ్లకు ముందే మందిచ్చి ఉంటే, లేని బాధను చేతులారా తెచ్చిపెట్టినట్టే కదా.

సరే, మరి ఎప్పుడు మొదలుపెడతారు? ఇక్కడ కొంచెంసేపు ఆగుదాం. మీ భయంలో సగం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే ఉంటుంది.

మీ రక్తపరీక్ష రిపోర్టు తీయండి. తెల్లకణాల సంఖ్య ఎదురుగా నక్షత్రం గుర్తో, ఎర్ర అక్షరాలో ఉంటాయి. లింఫోసైట్లు 80 శాతం అని ఉంటుంది. చూడగానే గుండె జారిపోతుంది. కానీ మేము ఆ శాతాన్ని పట్టుకుని కూర్చోం. మొత్తం తెల్లకణాలు 40 వేలు, అందులో 80 శాతం లింఫోసైట్లు అంటే 32 వేలు. ఆ 32 వేలను పోయినసారి సంఖ్యతోనూ, అంతకు ముందరి సంఖ్యతోనూ పక్కపక్కన పెట్టి చూస్తాం. ఎంత పెరిగింది, ఎంత కాలంలో పెరిగింది అన్నదే మాకు ముఖ్యం. రెండు నెలల్లో సగానికి మించి పెరిగినా, ఆరు నెలల్లోపు రెట్టింపు అయినా ఆలోచిస్తాం. అదీ సంఖ్య 30 వేల లోపు ఉన్నప్పుడు ఈ లెక్క ఒక్కదాన్నే నమ్ముకోం. జలుబు చేసినా, ఛాతీలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా కౌంట్ ఎగసి మళ్లీ దిగుతుంది. తెల్లకణాలు లక్ష దాటినా హాయిగా తిరుగుతూ, ఇంకా మందు అవసరం లేనివాళ్లు ఉన్నారు. కౌంట్ ఎక్కువ ఉందన్న ఒక్క కారణంతో వైద్యం మొదలుపెట్టరు.

మేము అసలు కన్నేసి ఉంచేది మిగతా రెండు వరుసల మీద, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు. ఎముక మజ్జలో ఈ కణాలు నిండిపోయి హిమోగ్లోబిన్ 10 కంటే, ప్లేట్‌లెట్లు లక్ష కంటే కిందికి దిగుతూ పోతుంటే వైద్యం గురించి మాట్లాడే సమయం వచ్చినట్టు. అయితే హిమోగ్లోబిన్ తగ్గడానికి ఐరన్ లోపం కూడా కారణం కావచ్చు, అది ముందు చూసుకోవాలి. ఒక్కోసారి మన రోగనిరోధక శక్తే ఎర్రకణాలనో ప్లేట్‌లెట్లనో నాశనం చేస్తుంది. దానికి మొదట స్టెరాయిడ్లు వాడి చూస్తాం, అది వేరే దారి. ఇక ప్లీహం బాగా పెరిగి కడుపు ఎడమవైపు బరువుగా ఉండటం, లింఫ్ గ్రంథులు వాచి వచ్చే గడ్డలు 10 సెంటీమీటర్ల దాకా పెరగడం, ఆరు నెలల్లో ఏ ప్రయత్నమూ లేకుండా ఒంటి బరువు పదో వంతు తగ్గడం, ఇన్‌ఫెక్షన్ లేకుండానే రెండు వారాలకు పైగా జ్వరం, పక్క తడిసిపోయేలా నెలకు పైగా రాత్రి చెమటలు, పని చేసుకోలేనంత నీరసం. వీటిలో ఏది కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా చెప్పండి. ఒకచోట గడ్డ ఉన్నట్టుండి వేగంగా పెరిగితే మరీ ముఖ్యం, అరుదుగా జబ్బు స్వభావమే మారుతుంది. అలాంటప్పుడు బయాప్సీ చేయాల్సి వస్తుంది.

రిపోర్టుల్లో రాయ్ స్టేజ్ అని కనిపిస్తుంది. 1975లో డాక్టర్ కాంతి రాయ్, ఆయన సహచరులు ఇచ్చిన కొలమానం అది. కేవలం చేత్తో తడిమి చూసి, మామూలు రక్తపరీక్షతో జబ్బు ఏ దశలో ఉందో చెప్పే పద్ధతి. ఇన్నేళ్లయినా దాన్ని వాడుతూనే ఉన్నాం, నాకు దాని మీద చాలా గౌరవం. కానీ మీకు ఏ మందు సరిపోతుందో అది చెప్పదు. దానికి జన్యు పరీక్షలు కావాలి.

ఆ పరీక్షల పేర్లు మాత్రం గుర్తుపెట్టుకోండి, మూడే ఉన్నాయి. ఒకటి ఫిష్, అంటే కణాల క్రోమోజోముల్లో ఏ ముక్క పోయిందో చూసే పరీక్ష. అందులో 17పీ అనే ముక్క పోయిందా అన్నది అన్నిటికంటే ముఖ్యం. రెండోది టీపీ53 జన్యువులో మార్పు ఉందా అన్నది. ఈ రెండింటిలో ఏది ఉన్నా కీమో సరిగా పనిచేయదు, దాని జోలికి వెళ్లకూడదు. మూడోది ఐజీహెచ్‌వీ అనే జన్యువు. అది మార్పు చెందిందని వస్తే జబ్బు సాధారణంగా నెమ్మదిగా నడుస్తుంది, చెందలేదని వస్తే కాస్త వేగంగా. ఐజీహెచ్‌వీ ఫలితం కాలంతో మారదు కాబట్టి ఒక్కసారి చేయిస్తే చాలు. ఫిష్, టీపీ53 అలా కాదు. జబ్బు సాగేకొద్దీ కొత్త మార్పులు వస్తాయి. వైద్యం మొదలుపెట్టే ప్రతిసారీ వాటిని మళ్లీ చేయించాలి. ఎప్పుడో చేసిన పాత ఫిష్ రిపోర్టు పట్టుకుని మందు నిర్ణయిస్తుంటే మీరే అడగండి, మళ్లీ చేయించాలా డాక్టరుగారూ అని. ఆ ప్రశ్న విని చికాకు పడే డాక్టరు ఉండకూడదు.

ఇప్పుడు మందుల దగ్గరకు వద్దాం. మీ చుట్టాల్లో ఎవరికో చాలా ఏళ్ల కిందట ఈ జబ్బు వచ్చి, కీమో పడక ఇబ్బందిపడ్డ సంగతి మీరు విని ఉంటారు. ఆ అనుభవం నిజమే, కానీ ఆ కాలం దాటిపోయింది. అప్పట్లో మూడు మందులు కలిపిన ఎఫ్‌సీఆర్ అనే కీమో ఉండేది. ఐజీహెచ్‌వీ మార్పు చెందిన కొందరికి దానితో చాలా ఏళ్లు జబ్బు తిరిగి రాలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. 2014లో అమెరికాలో సీఎల్ఎల్‌కు ఇబ్రుటినిబ్ మాత్రను అనుమతించారు. 2019లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో, 70 ఏళ్లు మించని రోగుల్లో, ఇబ్రుటినిబ్‌తో రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ కలిపి తీసుకున్నవాళ్లు ఎఫ్‌సీఆర్ తీసుకున్నవాళ్లకంటే మెరుగ్గా బతికారని తేలింది. ఆ తర్వాత మొదటి వైద్యంగా కీమో వాడకం బాగా తగ్గిపోయింది.

ఇప్పుడు మీ ముందు ప్రధానంగా రెండు దారులుంటాయి.

మొదటిది బీటీకే ఇన్హిబిటర్ మాత్ర, అంటే క్యాన్సర్ కణాలు పెరగడానికి వాడుకునే బీటీకే అనే ప్రోటీన్‌ను అడ్డుకునేది. ఇబ్రుటినిబ్, అకలాబ్రుటినిబ్, జానుబ్రుటినిబ్ ఈ కుటుంబానివే. ఇంట్లోనే వేసుకోవచ్చు, మొదలుపెట్టడం తేలిక. పనిచేస్తున్నంత కాలం, ఒంటికి పడుతున్నంత కాలం రోజూ వేసుకుంటూనే ఉండాలి. గుండె లయ తప్పడం, బీపీ పెరగడం, చిన్న దెబ్బకే కమిలిపోవడం, రక్తస్రావం వీటితో రావచ్చు. తర్వాత వచ్చిన అకలాబ్రుటినిబ్, జానుబ్రుటినిబ్‌లలో గుండె లయ సమస్యలు ఇబ్రుటినిబ్‌కంటే తక్కువ. అకలాబ్రుటినిబ్‌తో మొదట్లో తలనొప్పి రావడం మామూలే, చాలామందికి దానంతటదే తగ్గుతుంది. సర్జరీ ఏదైనా ఉంటే దాని తీరునుబట్టి ముందూ తర్వాతా మూడు నుంచి ఏడు రోజులు మాత్ర ఆపమంటారు. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా డెంటిస్టుకు ఈ మాత్ర పేరు చెప్పాలి. కొన్ని యాంటీబయాటిక్స్, ఫంగస్ మందులు, గ్రేప్‌ఫ్రూట్ పండు ఈ మాత్రల మోతాదును రక్తంలో పెంచేస్తాయి. ఏ కొత్త మందు వేసుకున్నా, అది మూలికల మందైనా సరే, ముందు అడగండి.

ఈ మాత్రల గురించి ముందే తెలియాల్సింది ఇంకొకటుంది. మొదలుపెట్టిన కొన్ని వారాల్లో తెల్లకణాల కౌంట్ తగ్గకపోగా పెరుగుతుంది. లింఫ్ గ్రంథుల్లో దాక్కున్న కణాలు రక్తంలోకి బయటపడటమే దానికి కారణం. గడ్డలు కరుగుతుంటాయి, ఒంట్లో తేలికగా ఉంటుంది, రిపోర్టులో మాత్రం సంఖ్య ఎక్కువ కనిపిస్తుంది. తెలియనివాళ్లు మందు వికటించిందని మాత్ర ఆపేసి పరిగెత్తుకొస్తారు. తెలిసినవాళ్లు రిపోర్టు చూసి, ఇది మీరు చెప్పిందే కదా డాక్టరుగారూ అంటారు.

రెండో దారి కాలపరిమితి ఉన్న వైద్యం. వెనెటోక్లాక్స్ మాత్రతో పాటు ఒబినుటుజుమాబ్ అనే ఇంజెక్షన్‌ను సెలైన్‌లా నరంలోకి ఎక్కిస్తారు. మొత్తం 12 విడతలు, ఒక్కో విడత 28 రోజులు. ఆ తర్వాత మందు ఆపేస్తారు. ఏళ్ల తరబడి మందు లేకుండా ఉండే అవకాశం ఉంటుంది. కానీ మొదటి రెండు నెలలు పని ఎక్కువ. ఇంజెక్షన్ మొదటి డోసును సాధారణంగా రెండు రోజులకు విడదీసి, తొలిరోజు కొద్దిగా, మర్నాడు మిగతాది ఎక్కిస్తారు, ఎందుకంటే తొలిసారి చలిజ్వరం, బీపీ పడిపోవడం లాంటివి వస్తాయి. మూడు వారాలయ్యాక మాత్ర మొదలవుతుంది. ఈ మాత్ర ఎంత బాగా పనిచేస్తుందంటే, క్యాన్సర్ కణాలు ఒక్కసారిగా పగిలి, వాటిలోని పొటాషియం, ఫాస్ఫరస్, యూరిక్ యాసిడ్ రక్తంలోకి వచ్చి కిడ్నీలను, గుండెను దెబ్బతీసే ప్రమాదం ఉంది. అందుకే మొదటి వారం 20 మిల్లీగ్రాములు, తర్వాత వారానికోసారి పెంచుతూ 50, 100, 200, చివరికి 400. యూరిక్ యాసిడ్ తగ్గించే మాత్ర ముందే మొదలుపెడతారు. రెండు రోజుల ముందు నుంచే రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల నీళ్లు తాగాలి. మొదటి డోసు వేసుకున్న ఆరు నుంచి ఎనిమిది గంటలకు రక్తం తీస్తారు, మర్నాడు మళ్లీ తీస్తారు. గడ్డలు పెద్దవిగా, కౌంట్ ఎక్కువగా ఉంటే ఆ రోజుల్లో ఆసుపత్రిలోనే ఉండమంటారు.

మరి ఏది మంచిది? అందరూ ఇదే అడుగుతారు. నా దగ్గరికి వచ్చిన ఇద్దరి సంగతి చెబుతాను. ఇద్దరిదీ ఒకే ఈడు, రిపోర్టులు కూడా ఇంచుమించు ఒకటే. ఒకామె ఒంటరిగా ఉంటారు, ఆసుపత్రికి చాలా దూరం, వారం వారం తీసుకొచ్చేవాళ్లు లేరు. గుండె గట్టిగా ఉంది. రోజూ మాత్ర వేసుకోవడం ఆమెకు బరువు కాదు, అప్పటికే బీపీ మాత్ర వేసుకుంటున్నారు. రెండో ఆయనకు గుండె లయ సమస్య ఉంది, రక్తం పలచబడే మందు వాడుతున్నారు. కొడుకు, కోడలు పక్కనే ఉంటారు. ఆయన మొదటి మాటే, ఎన్నాళ్లు పడతుందో చెప్పండి, ఆ తర్వాత మందు మాట ఎత్తకండి అని. ఆమె మాత్ర తీసుకున్నారు, ఆయన రెండో దారి తీసుకున్నారు. ఇద్దరూ సరిగానే ఎంచుకున్నారు. ఇద్దరికీ తమ జీవితం ఎలా నడుస్తుందో, ఏది భరించగలరో ముందే ఆలోచించుకోవడానికి తీరిక దొరికింది కాబట్టే అది సాధ్యమైంది. గుండె, కిడ్నీల పరిస్థితిని నేను పరీక్షల్లో చూడగలను. మీ ఇంట్లో ఎవరు ఎవరికి తోడుంటారో, దేనికి మీ మనసు ఒప్పుతుందో ఏ పరీక్షలోనూ కనిపించదు.

17పీ, టీపీ53 తేడా ఉన్నవాళ్లకు చాలామంది డాక్టర్లు ఆపకుండా వేసుకునే మాత్ర వైపే మొగ్గుతారు. కొన్ని దేశాల్లో ఇబ్రుటినిబ్, వెనెటోక్లాక్స్ కలిపి ఇంజెక్షన్ లేకుండా పరిమిత కాలం ఇచ్చే పద్ధతికీ అనుమతి ఉంది. మీరుండే చోట ఏది దొరుకుతుంది, బీమా దేనికి ఒప్పుకుంటుంది అన్నది కూడా ముందే కనుక్కోండి, ఆ కాగితాల పని ఆఖరి నిమిషంలో పెట్టుకునేది కాదు.

మొదటి మందు ఎంచుకుంటే అంతటితో తలుపులన్నీ మూసుకుపోతాయన్న భయం వద్దు. ఒక దారి పనిచేయకపోతే రెండోది ఉంటుంది. ఆ రెండూ అయిపోయినవాళ్ల కోసం పిర్టోబ్రుటినిబ్ మాత్రకు 2023 డిసెంబరులో, రోగి సొంత కణాలనే మార్చి ఎక్కించే కార్-టీ వైద్యానికి 2024 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈ జబ్బులో వైద్యం ఎంత వేగంగా మారుతోందంటే, మీకు మందు అవసరమయ్యే నాటికి నేను ఇవాళ చెప్పినదానికంటే మంచిది రావచ్చు. కాబట్టి ఇవాళ నేర్చుకుని ఊరుకోకుండా ఏడాదికోసారి మీ డాక్టరును అడగండి, ఇప్పుడు నాకే మొదలుపెట్టాల్సి వస్తే ఏది ఇస్తారు, ఎందుకు ఇస్తారు అని. క్లినికల్ ట్రయల్స్, అంటే కొత్త వైద్యాలను రోగుల మీద పరీక్షించి చూసే పరిశోధనల గురించి కూడా మందు మొదలుపెట్టకముందే అడగాలి. చాలా ట్రయల్స్ అంతకుముందు ఏ మందూ వాడనివాళ్లనే తీసుకుంటాయి. ఒక్క డోసు పడ్డాక అడిగితే ఆ అవకాశం పోయినట్టే.

ముందు మాత్రమే చేయగలిగిన పని ఇంకొకటుంది, దానికి నేను చాలా విలువ ఇస్తాను. టీకాలు. ఈ జబ్బులో ఇన్‌ఫెక్షన్లను తట్టుకునే శక్తి ఎలాగూ తక్కువ. ఒబినుటుజుమాబ్, రిటుక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్లు పడ్డాక ఆరు నెలలపాటో, అంతకు మించో టీకాలు సరిగా పట్టవు. అందుకని న్యుమోనియా టీకా, ఏటా ఫ్లూ టీకా, సర్పి (షింగిల్స్) రాకుండా ఇచ్చే, బతికున్న వైరస్ లేని రీకాంబినెంట్ టీకా ఇప్పుడే వేయించుకోండి. బతికున్న వైరస్‌తో చేసే టీకాలు మాత్రం సీఎల్ఎల్ ఉన్నవాళ్లు తీసుకోకూడదు. నర్సు సూది చేతిలోకి తీసుకోకముందే మీ జబ్బు పేరు చెప్పండి. హెపటైటిస్ బీ పరీక్ష కూడా చేయించుకోవాలి, ఎప్పుడో వచ్చి అణిగి ఉన్న వైరస్ ఆ ఇంజెక్షన్లతో మళ్లీ లేచి కాలేయాన్ని దెబ్బతీయగలదు. పళ్ల పని ఏదైనా వాయిదా వేస్తూ వస్తుంటే అదీ పూర్తిచేసుకోండి. చర్మం మీద కొత్త మచ్చలు కనిపిస్తే చూపించుకోండి, ఈ జబ్బులో చర్మ క్యాన్సర్ల అవకాశం ఎక్కువ.

ఇవన్నీ వింటుంటే కొందరి ముఖాల్లో ఆందోళన కనిపిస్తోంది. తెలుసుకోవడమంటే రాత్రి పడుకోబోతూ ఫోన్‌లో వెతకడం కాదు. అలా వెతికితే పాత కాలపు లెక్కలే ముందు కనిపిస్తాయి, ఈ మందులు లేనినాటి ఆయుష్షు లెక్కలు. అవి మీకు వర్తించవు. అపాయింట్‌మెంట్‌కు ఒక వారం ముందు కూర్చోండి, ఒక కాగితం మీద మీ లింఫోసైట్ల సంఖ్య, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు తేదీలవారీగా రాయండి, కింద మూడు ప్రశ్నలు రాయండి. తోడుగా ఒకర్ని తీసుకురండి, మీరు వినేటప్పుడు వాళ్లు రాసుకుంటారు. మిగతా రోజులు ఈ జబ్బును పక్కన పెట్టి మీ పని మీరు చూసుకోండి. అసలేమీ తెలుసుకోవాలని లేదు అనేవాళ్లూ ఉంటారు. వాళ్లను నేను బలవంతపెట్టను. ఇంట్లో ఒక్కరైనా తెలుసుకుని ఉంటే చాలు, ఆ ఒక్కరెవరో నాకు చెప్పండి.

నా దగ్గర చెప్పడానికి ఉన్నది ఇంతే. ఇక మీ రిపోర్టులు తీయండి, ప్రశ్నలు మొదలుపెడదాం. ముందు వరుసలో ఉన్న అమ్మగారు చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు, అడగండమ్మా.